మెంతుల డబ్బా

ఫైలుకు పేరు సరిగ్గా పెట్టనివాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే వాడండి" అని మూడు ఫైళ్ళు పక్కపక్కన కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. విశాఖపట్నంలో ఒక కంపెనీలో పద్నాలుగేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. చీరల కొట్ల నుంచి కళ్ళజోళ్ళ దుకాణాల దాకా రకరకాల వ్యాపారాల తరఫున మేం జనానికి సందేశాలు పంపుతాం. పంపేది మనుషులు కాదు, సాఫ్ట్‌వేరు. ఎవరు ఏం కొన్నారు, మళ్ళీ ఎప్పుడు అడగాలి అన్నది అదే చూసుకుని, వేళకి దానంతటదే పంపుతుంది. కానీ ఏ సందేశం ఎక్కడుందో దానికి తెలియాలి కదా. అందుకే ప్రతిదానికీ ఒక పద్ధతిలో పేరుండాలి, ప్రతి పేరూ ఒక ఫోల్డర్‌లో ఉండాలి. ఏడాది, నెల, ఊరు, ఎవరికి, ఎందుకు, ఎన్నోసారి. ఇదీ వరస.

ఈ వరస తప్పితే ఏమవుతుందో ఒకసారి చూశాం. మావాళ్ళలో ఒకతను ఫోల్డర్ మార్చి పెట్టినందుకు, భర్త పోయి పదకొండు రోజులైన ఒకావిడకి "మీ జంటకు పెళ్ళిరోజు శుభాకాంక్షలు, పట్టుచీరలపై తగ్గింపు" అని వెళ్ళింది. ఆవిడ ఫోన్ చేసి తిట్టలేదు. "ఈవేళ నా పెళ్ళిరోజని మీకెలా తెలిసింది బాబూ?" అని అడిగిందట. ఆ మాట విన్నాకే నేను ఇంత చండశాసనురాలినయ్యాను.

ఆఫీసులో నన్ను రత్న మేడం అంటారు. చాటుగా పేర్ల పంతులమ్మ అంటారని కూడా నాకు తెలుసు. అసలు పేరు నూకరత్నం. ఆ పేరు పూర్తిగా పిలిచేది లోకంలో మా పెద్దమ్మ పైడితల్లి ఒక్కతే, అదీ కోపం వస్తేనే. ప్రేమగా ఉన్నప్పుడు "నూకా" అంటుంది.

నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా నాన్న ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. సంగతి విని పెద్దమ్మ అనకాపల్లి వచ్చి, ఎవరితోనూ తగాదా పడకుండా, నా బట్టలు ఒక సంచిలో కుక్కి, బస్సెక్కించి అక్కయ్యపాలెం తీసుకొచ్చేసింది. అక్కడ ఆవిడకి ఒక కర్రీ పాయింటు ఉండేది. లారీ నడిపే పెదనాన్న, హైస్కూల్లో చదివే కొడుకు సూర్రావు, ముందు గదిలో కూరలు, వెనక గదిలో కాపురం. బస్సులో గానీ, ఆ ఇంట్లోకి వచ్చాక గానీ నేను ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దమ్మ నన్ను వంటగట్టు మీద కూర్చోబెట్టి, పైగూట్లో నుంచి "మెంతులు" అని రాసున్న డబ్బా దించి, అందులోంచి ఒక పప్పుండ తీసి నా చేతిలో పెట్టింది. నేను అది తినేసి, "మెంతుల డబ్బాలో పప్పుండలేంటి?" అని అడిగాను. ఆ ఇంట్లో నా మొదటి మాట అది.

అడగాల్సిన ప్రశ్నే. ఆ వంటింట్లో ఏ డబ్బా మీదున్న పేరుకీ లోపలున్న సరుకుకీ పొంతన ఉండేది కాదు. బిస్కెట్ల డబ్బాలో మినప్పప్పు, పసిపిల్లల పాలపొడి డబ్బాలో కారం, పంచదార అని చెక్కించిన స్టీలు డబ్బాలో రాళ్ళుప్పు. పెద్దమ్మ మాత్రం పొయ్యి మీది కూర మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి కావలసింది అందుకునేది. మెంతుల డబ్బా సంగతి వేరు. అందులో పెదనాన్నతో దిగిన ఒకే ఒక్క ఫోటో, ఆవిడ చెవిదిద్దులు, సూర్రావు అన్నయ్య పదో తరగతి మార్కుల కాయితం, నా కోసం పప్పుండలు ఉండేవి.

"మెంతులెవులు ముట్టుకుంతారే? సేదు కదా. మనసుకి దగ్గరగా ఉన్నదేదైనా అందులోనే యెయ్యాల" అంది ఆ రోజు.

నేను పెద్దయ్యి ఉద్యోగంలో చేరాక, ఒక ఆదివారం పొద్దున్నే ఆ డబ్బాలన్నిటికీ చక్కగా పేర్లు అచ్చు వేయించి అంటించాను. సాయంత్రానికి పెద్దమ్మ కూరల్లో పంచదార పడింది. మర్నాడు కాయితాలన్నీ పీకి పారేసి, "నీ సదువు నీకాడే ఉంచుకో నూకరత్నం" అంది.

అలాంటి మనిషికి డెబ్భై రెండో ఏట మతిమరుపు మొదలైంది. ముందు డబ్బాలు తారుమారయ్యాయి. తర్వాత మనుషులు తారుమారయ్యారు. పెదనాన్న అప్పటికి పోయి ఇరవై ఏళ్ళు. సూర్రావు అన్నయ్య హార్బరులో క్రేన్ ఆపరేటరు. ఒక రోజు వాడు పని నుంచి ఇంటికొస్తే పెద్దమ్మ గుమ్మంలోనే ఆపి, "పాల పేకెట్లు రెండెయ్యి బాబూ" అంది. అంత మనిషీ వెనక్కి వెళ్ళి, రెండు పాల పేకెట్లు కొనుక్కుని లోపలికొచ్చాడు.

రుషికొండ మీది ల్యాబులో "తోడు" అని ఒకటి తయారు చేశారని తెలిసింది అప్పుడే. బియ్యపు గింజంత ఉంటుంది. చెవి వెనక పెడతారు. మనిషి చేత కబుర్లు చెప్పిస్తూ, ఫోటోలు చూపిస్తూ, వాసనలు పట్టిస్తూ, లోపల ఏ జ్ఞాపకం వెలిగినా దాన్ని తోడు పట్టుకుని దాచుకుంటుంది. తర్వాత ఎదురుగా ఉన్న మనిషినీ వస్తువునీ గమనించి, సరైన జ్ఞాపకాన్ని సరైన వేళకి మెదడుకి అందిస్తుంది. అన్నయ్య సంతకం పెట్టాడు. పెద్దమ్మ కూడా వేలిముద్ర వేసింది. "తోడంటే మంచిదే కదా" అంది.

రెండు నెలల తర్వాత ల్యాబు పెద్ద డాక్టర్ రెబెకా గారు నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి పెద్దమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఆయా టీ తెచ్చి చేతికిచ్చింది. గ్లాసు ముట్టుకోవడమే తరువాయి, పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది.

"లారీ తిరగబడిపోనాదంట! ఒలమ్మో, నా మడిసి!"

పెదనాన్న పోయిన కబురు వచ్చినప్పుడు ఆవిడ చేతిలో టీ గ్లాసు ఉందట. రెబెకా గారు తల దించుకుని, "పొద్దున్నించి ఇది మూడోసారి రత్న గారూ" అన్నారు.

పెద్దమ్మని ఊరుకోబెట్టి, ఫోల్డర్లు చూపించమన్నాను. నాలుగు వేల పైచిలుకు జ్ఞాపకాలు ఒకే కుప్పలో ఉన్నాయి. "కొత్తది 1". "అమ్మ ఫైనల్". "టీ గ్లాసు". "టీ గ్లాసు పాతది". "ఇది చెరపకండి". మెదడు చదువుకున్నవాళ్ళు, మనిషి తల తెరవగలిగినవాళ్ళు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

"మావాళ్ళకి జ్ఞాపకం పట్టుకోవడం వచ్చుగానీ సర్దడం రాదండీ" అన్నారు రెబెకా గారు. ఆవిడది నెమ్మదైన గొంతు, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళు. "తోడులో పంపిణీ చేసేది మీ ఆఫీసులో వాడే రకం సాఫ్ట్‌వేరే. ఎవరికి, ఎప్పుడు, ఏది అన్నదే కదా రెండుచోట్లా లెక్క. పైగా మీరు ఆవిడ చేతుల్లో పెరిగినవారు. మీకన్నా బాగా పేరు పెట్టేవాళ్ళు మాకు దొరకరు."

"ఎన్నాళ్ళుంది?"

"ఏడు వారాలు. ఇలా బయటినుంచి పంపుతూ ఉంటే మెదడు అలిసిపోతుంది. అన్నీ సర్దాక ఒకసారి ముద్ర వేస్తాం. ఆ తర్వాత మెదడు ఈ కొత్త దారులనే తన దారులనుకుంటుంది. పాత దారులు వెతకడం మానేస్తుంది." మళ్ళీ ఆవిడే, "ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ముద్ర పడ్డాక, దారి లేని జ్ఞాపకం ఇంక లేనట్టే" అన్నారు.

ఆఫీసుకి సెలవు పెట్టాను. రోజూ భీమిలి మెట్రో ఎక్కి, కుడిపక్క సముద్రం చూసుకుంటూ రుషికొండ వెళ్ళేదాన్ని. పేర్ల వరస కొత్తగా రాశాను. మనిషి, చోటు, ఏ వయసు, సంతోషమా దుఃఖమా, ఎంత బరువు. దుఃఖాలన్నిటినీ వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఆవిడ తనంతట తాను అడిగితే తప్ప అవి బయటికి రాకూడదని నియమం రాశాను. టీ గ్లాసు చూస్తే తెల్లవారుజామున పెదనాన్న ఈల వేసుకుంటూ లారీ దిగి, "పైడీ, టీ పొయ్యి" అనే జ్ఞాపకం రావాలి. అది రావడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజున పెద్దమ్మ గ్లాసు అందుకుని, ఆవిరి కేసి చూస్తూ నవ్వింది. నేను ల్యాబు బయటికెళ్ళి గోడకి ఆనుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆ రోజంత సంతోషం నా ఉద్యోగంలో నేనెప్పుడూ ఎరగను.

ఇక్కడ మా వృత్తి అలవాటు ఒకటి చెప్పాలి. ఏ సందేశమైనా లోకానికి పంపేముందు మాకు మేం పంపుకుని చూసుకుంటాం. దానికొక పరీక్ష ఫోల్డర్ ఉంటుంది. ఎప్పుడూ మొదట అందులో పడేది మా పేరే. పని మొదలయ్యే రోజున ఆ ఫోల్డర్ దానంతటదే ఖాళీ అయిపోవాలి, లేకపోతే పరీక్ష సందేశాలు జనంలోకి పోతాయి. ఈ నియమం నేనే రాశాను. నా కింద చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే వల్లె వేయిస్తాను.

ల్యాబులోనూ అలాగే చేశాను. రోజంతా పెద్దమ్మ ఎదురుగా ఉండేది నేనే కాబట్టి, ఏ కొత్త దారి వేసినా నా జ్ఞాపకంతోనే పరీక్షించేదాన్ని. మొట్టమొదట అనకాపల్లి బస్సు, పప్పుండ. అది అందగానే పెద్దమ్మ నన్ను చూసి, "నూకా, మాటాడవేటే?" అనేది. దారి పనిచేస్తున్నట్టే. ఇక మిగతావాటి పని చూసేదాన్ని. నాకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా వీపు నిమిరింది, నేను డిగ్రీ తప్పితే నా బదులు పెదనాన్నకి అబద్ధం చెప్పింది, నా మొదటి జీతంతో కొన్న చీర కట్టుకుని వీధంతా తిరిగింది, అన్నీ పరీక్షకే వాడాను. మొత్తం రెండు వందల పన్నెండు. అవన్నీ ఆ ఫోల్డర్‌లోనే చేతికింద ఉండేవి, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవి. అందుకని వాటిని గురించి నాకు బెంగే లేదు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నా టాబ్లెట్‌లోకి తొంగి చూసి, "ఏటే అయి, డబ్బాలా?" అంది.

"డబ్బాలే పెద్దమ్మా. నీ తలలో ఉన్నవన్నీ సర్దుతున్నాను."

"పేర్లేటి అంత పొడుగు?"

"పొడుగ్గా ఉంటేనే తప్పిపోవు."

"పేరు సూసి ఎతుక్కునేవోల్ల కోసమే పేర్లు" అంది పెద్దమ్మ. "ఇంట్లోవోల్లకి సెయ్యి సాలు."

నేను నవ్వేసి, తర్వాతి ఫైలు తెరిచాను.

ముద్ర వేసేది గురువారం పొద్దున. అంతకుముందు రోజు నా తనిఖీ పట్టిక ఆసాంతం నడిపించాను. మూడు వేల తొమ్మిది వందల నలభై జ్ఞాపకాలు, అన్నిటికీ పేరుంది, అన్నిటికీ దారుంది, ఒక్క ఎర్ర గుర్తు లేదు. ఆ పట్టిక రాసిందీ నేనే. అది పరీక్ష ఫోల్డర్ జోలికి పోదు. దానికి ఆ ఫోల్డర్ ఉన్నట్టే తెలియదు.

ముద్రకి నలభై నిమిషాలు పట్టింది. పెద్దమ్మ కళ్ళు తెరిచి, గదిని ఒకసారి కలయజూసి, మంచం పక్కనున్న అన్నయ్యని పట్టి పట్టి చూసింది.

"సూర్రావూ, గెడ్డం గీసుకోడానికి తీరిక నేదేటిరా నీకు? అత్తోరింటికెల్తే ఏటనుకుంతారు?"

టన్నుల బరువు పెట్టెలెత్తే మనిషి, అలాగే మోకాళ్ళ మీద కూలబడి మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాడు. రెబెకా గారు పెదనాన్న ఫోటో చూపించారు. "మా ఆయన. ఈలేసుకుంతూ వచ్చీవోడు. లారీ కింద పోనాడు పాపం" అంది, కంట తడితో, అయినా స్థిరంగా. పక్కింటివాళ్ళ పేర్లు చెప్పింది. చేపల పులుసులోకి చింతపండు ఎంత నానబెట్టాలో చెప్పింది. నేను కాళ్ళవైపు నిలబడి నా వంతు కోసం చూస్తున్నాను. చివరికి నా వైపు తిరిగింది. మర్యాదగా చీర చెంగు సర్దుకుంది.

"తవరెవరమ్మా? డాట్రమ్మ తాలూకా?"

పుట్టి బుద్ధెరిగాక పెద్దమ్మ నన్ను తవరు అనడం అదే మొదటిసారి.

ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ల్యాబు తెర మీద ఒక్క వరసలో అంతా ఉంది. పరీక్ష ఫోల్డర్: 212. ప్రారంభ సమయంలో ఖాళీ చేయబడింది. నియమం రాసినవారు: నూకరత్నం. దీపం కిందే చీకటి అంటారు. ఊరందరి పేర్లూ సరిచూసినదాన్ని, నన్ను నేను లెక్కలోకి తీసుకోలేదు. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. రెబెకా గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"అవి చెత్తబుట్టలో ముప్పై రోజులుంటాయి" అన్నారు. "కానీ ఊరికే తీసి లోపల పెట్టలేం రత్న గారూ. పాత జ్ఞాపకం ఒంటరిగా ఉండదు. మీ జ్వరంలో మీ పెదనాన్న ఉంటారు, వంటిల్లు ఉంటుంది. అది చేర్చాలంటే ముద్ర విప్పాలి. విప్పితే అన్నీ కదులుతాయి. ఇప్పటికి ముగ్గురికి విప్పాం. మళ్ళీ ముద్ర పడింది ఒక్కరికే."

"మిగతా ఇద్దరూ?"

ఆవిడ చెయ్యి చాచి తెర ఆపేశారు.

"కొత్తగా జరిగేవి?"

"కొత్తవి చేర్చుకోవచ్చు. తోడు పట్టుకుని 'పేరు లేనివి' అనే కుప్పలో పెడుతుంది. అవి ఆవిడకి గుర్తుంటాయి గానీ, ఆ కుప్ప ముప్పై రోజులకోసారి ఖాళీ అవుతుంది. ఆలోపు ఎవరైనా పేరు పెట్టి ఫోల్డర్‌లో వేస్తే నిలుస్తాయి. లేదంటే పోతాయి."

అన్నయ్య మాత్రం రెండోమాట లేకుండా, "విప్పించెయ్యి నూకా" అన్నాడు. "నువ్వు లేకుండా అమ్మేటి? నన్ను మరిచిపోతే మరిచిపోనీ. పాల పేకెట్లు తెస్తాన్లే." ఆ మాట అనగలిగినందుకు వాడి కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

నేను వెంటనే సరేననలేదు, వద్దనీ అనలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. ల్యాబు నుంచి వచ్చే ఆఫీసమ్మనని నాకొక పేరు పడింది. ఆవిడ మళ్ళీ వంట చేస్తోంది. వీధిలోవాళ్ళని పేరుపేరునా కేకలేస్తోంది. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని తనలో తాను ఈల వేసుకుంటోంది, పెదనాన్న బాణీయే. డబ్బాల దగ్గర చెయ్యి తడబడటం లేదు.

ఒక రోజు ధైర్యం చేసి ఆ కథ చెప్పాను. తల్లి పోయిన ఒక పిల్ల, బస్సు, వంటగట్టు, పప్పుండ. పెద్దమ్మ చేపలు కడుగుతూ అంతా శ్రద్ధగా విని, "ఎవులమ్మా ఆ ఆడది? మంచి మడిసి" అంది. "ఆ గుంట ఇప్పుడు బాగుందా?"

"బాగానే ఉందండీ" అన్నాను.

ఇరవయ్యో రోజున ఇక దాచుకోలేక అడిగేశాను. "పెద్దమ్మగారూ, పైగూట్లోంచి ఒక డబ్బా వెనక్కి పడిపోయిందనుకోండి. తియ్యాలంటే గూడంతా దించాలి. ఏం చేస్తారు?"

"గూట్లో జాడీలున్నాయేటి?"

"ఉన్నాయి."

"ఒక డబ్బా కోసం జాడీలన్నీ పగలగొట్టుకుంతారేటమ్మా ఎవులైనా?" అంది పెద్దమ్మ. చెయ్యి తుడుచుకుని నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, గొంతు తగ్గించింది. "ఆ డబ్బాలో ఏటుండీది?"

"పప్పుండలు."

"ఓస్. పప్పుండలకేటి తల్లీ, మల్లీ సేసుకుందుం. బెల్లం తే రేపు."

మర్నాడు అనకాపల్లి బెల్లం తీసుకెళ్ళాను. పాకం ఎప్పుడు వచ్చిందో నీళ్ళలో వేసి చూడటం నాకు కొత్తగా నేర్పింది. ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి నేర్పినదే. నేనూ కొత్తగానే నేర్చుకున్నాను. వేడి ఉండ చుట్టబోయి చెయ్యి కాల్చుకుంటే, "తొందరెక్కువ నీకు! ఆగలేవేటే?" అని కసిరింది. తవరు ఎప్పుడు నువ్వు అయిందో ఆవిడా గమనించలేదు. నేను మాత్రం చెయ్యి నీళ్ళలో పెట్టుకుని, మంటకే కన్నీళ్ళొచ్చాయన్నట్టు నిలబడ్డాను. ముద్ర విప్పించవద్దని రెబెకా గారికి ఆ సాయంత్రమే చెప్పేశాను.

ముప్పయ్యో రోజు శనివారం. మధ్యాహ్నం నాలుగింటికి ఆ రెండు వందల పన్నెండూ శాశ్వతంగా చెరిగిపోతాయి. అదే గంటకి, పేరు లేని కుప్పలో మొదటి రోజు నుంచీ చేరినవి కూడా పోతాయి. మిగతావాళ్ళ కొత్త జ్ఞాపకాలన్నిటికీ ఎప్పటికప్పుడు పేర్లు పెట్టేశాను. సూర్రావు, గెడ్డం. పక్కింటావిడ, తగాదా. నాతో గడిచినవి మాత్రం ముప్పై సాయంత్రాలూ అలాగే కుప్పలో ఉండిపోయాయి. వాటికి పేరు పెట్టబోతే నా చెయ్యి రాలేదు. ఏమని పెట్టను? ల్యాబు ఆఫీసమ్మ అనా? నాది కాని పేరుతో ఆవిడ దగ్గర మిగలడం ఒక బాధ, అసలే మిగలకపోవడం ఇంకొక బాధ.

మూడున్నరకి వంటింట్లో పీట మీద కూర్చుని టాబ్లెట్ తెరిచాను. పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నేను వరస ప్రకారం కొట్టడం మొదలుపెట్టాను. ఏడాది, నెల, విశాఖ. అక్కడ ఆగిపోయాను.

"ఏటి రాస్తన్నావు అందాకట్నించి?"

"ఇది మీ తలలో నా డబ్బా. దీనికి ఒక పేరు పెట్టాలి. నాలుగింటిలోపు పెట్టకపోతే పోతుంది."

"అందులో ఏటున్నాది?"

"మనం పప్పుండలు చేసుకున్నది. మీరు నన్ను తిట్టింది. రోజూ నేను రావడం, మీరు గుమ్మంలో ఉండటం. అంతే."

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. లేచి, చూపు ఎటో ఉండగానే పైగూట్లోకి చెయ్యి పోనిచ్చి, ఒక డబ్బా దించి నా ఒళ్ళో పెట్టింది. మూత తీశాను. పెదనాన్న ఫోటో, చెవిదిద్దులు, మార్కుల కాయితం. వాటి పక్కన అరిటాకు ముక్కలో చుట్టి, మొన్న మేం చేసిన పప్పుండలు నాలుగు.

"రోజూ వత్తావు గదా. సూర్రావుకి కనపడితే ఒక్కటీ మిగల్డు" అంది. తర్వాత, అంత చిన్న సంగతి నాకు తెలియకపోవడం వింతైనట్టు, "మెంతులని రాసీ" అంది. "మనసుకి దగ్గరగా ఉన్నదేదైనా అందులోనే యెయ్యాల. ఎవులూ ముట్టుకోరు."

నేను కొట్టిందంతా చెరిపేశాను. ఏడాది లేదు, నెల లేదు, ఊరు లేదు. మెంతులు అని రాసి, ముప్పై సాయంత్రాలనూ అందులో వేశాను. మా ఆఫీసులో ఎవరైనా అలాంటి పేరు పెట్టి ఉంటే ఆ పూట వాళ్ళకి నా చేతిలో మూడినట్టే.

నాలుగైంది. గోడ గడియారం కొట్టడం విన్నాను, టాబ్లెట్ వైపు మాత్రం చూడలేదు. పెద్దమ్మ ఒక పప్పుండ తీసి నా చేతిలో పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

"ఇంతకీ నీ పేరేటే?" అంది.

"నూకరత్నం."

"అంత పొడుగేటి" అంది పెద్దమ్మ, మళ్ళీ చేట అందుకుంటూ. "నూకా అంతాన్లే."